ఎండిన చెరువులో ఈత పరీక్ష

రేగళ్ల చెరువు నిండిందన్న సంగతి మొదట తెలిసింది ఇంజనీరు ఆఫీసుకు. ఊరివాళ్లకు చివరిదాకా తెలియలేదు.

తెలియకపోవడానికి కారణముంది. అది వైశాఖం. చెరువు అడుగున శిఖమంతా నెర్రెలు బారి, ఒక్కో నెర్రెలో మేక కాలు ఇరుక్కునేలా ఉంది. తూము పక్కన గుంటలో నెలకిందటి దాకా కాసిన్ని బురదనీళ్లు ఉండేవి. సగం బర్రెలు తాగాయి, సగం ఎండ తాగింది. చెరువు నడుమ నుంచి పక్క ఊరికి బండ్లబాట కూడా పడింది. అయితే కిందటి సంవత్సరం చెరువులు నింపే కార్యక్రమం ఒకటి జరిగింది. పైనుంచి నీళ్లు తెచ్చే కాలువ ఇంకా తవ్వలేదు గానీ, ఆ కాలువలో నీళ్లు వచ్చి చెరువు నిండిందని సంతకాలు మాత్రం అయిపోయాయి. తూము దగ్గర లోతు పదకొండు అడుగులు. అది ఇంజనీరు రాసిన మాట. ఆ తరువాత ఎన్ని ఎండలు కాసినా ఆ నీళ్లు అంగుళం తగ్గలేదు.

ఈ నీళ్లతో ఐలవ్వకు పని పడింది.

ఐలవ్వకు యాభై రెండేళ్లు. అందులో ముప్పై నాలుగేళ్లు ఆమె కాళ్లు ఇంట్లో కంటే చెరువులోనే ఎక్కువ నానాయి. మొగడు పోశాలు వల విసిరితే ఆమె తెప్ప కదలకుండా నిలిపేది. పోశాలుకు నడుము పడిపోయాక ఆమే వల విసిరింది. పోశాలు కట్ట మీద ఒక రాయి చూసుకుని కూర్చుని, చెయ్యి ఇంకా పైకి లేవాలనీ, వల పూర్తిగా విచ్చలేదనీ తప్పులు పట్టాడు. కిందటి కార్తీకంలో పోశాలు పోయాడు. వల మిగిలింది, తెప్ప మిగిలింది, తప్పులు పట్టే రాయి మిగిలింది. మిగలనిది ఒక్కటే, మత్స్య సహకార సంఘంలో సభ్యత్వం. అది పోశాలు పేరు మీద ఉండి, పోశాలుతోనే పోయింది. సభ్యత్వం లేని మనిషి చెరువులో వల వేస్తే అది దొంగతనం. ఐలవ్వకు వేరే పని రాదు. వచ్చే చేపల కాలానికి వల పట్టుకుని చెరువులో దిగాలంటే సంఘంలో ఆమె పేరు ఎక్కాలి.

"దరఖాస్తు పెట్టు వదినె," అన్నాడు సంఘం అధ్యక్షుడు మొండయ్య. పోశాలుకు వరస తమ్ముడు. నోరు మెత్తన, నడుము ఇంకా మెత్తన. "కాకపోతే ఈసారి పరీక్ష పెడుతున్నరట."

"నాకా?"

"అందరికి. నాకు గూడ."

సంగతి ఏమిటంటే, రాజధానిలో ఎవరో పెద్దాయనకు నైపుణ్యం మీద మనసు పుట్టింది. వృత్తి పుట్టుకతో రాదు, పరీక్షతో వస్తుంది అని ఆయన ఒక సభలో సెలవిచ్చాడు. సభ ముగిసేలోగా అది ఉత్తర్వు అయింది. పాత సభ్యత్వాలన్నీ రద్దు. వల అల్లడం, ఈత, చేపను పట్టడం, ఈ మూడింటిలో ఎవరు గెలిస్తే వాళ్లే మత్స్యకారులు. కులం అడగరు, ఊరు అడగరు, చేప మొఖం ఎప్పుడైనా చూశావా అని కూడా అడగరు.

అందుకే సర్పంచు బామ్మర్ది విజయేందర్ కూడా దరఖాస్తు పెట్టాడు. చిన్నప్పుడు బావిలో పడినప్పటి నుంచి విజయేందర్‌కు నీళ్లంటే దడ. స్నానం కూడా చెంబుతోనే, అదీ గోడ పట్టుకుని. కానీ సభ్యులకు ఐసుపెట్టె కట్టిన మోపెడు బండి ఇస్తారని విన్నాడు. తనతో పాటు పద్దెనిమిది మంది స్నేహితుల చేత కూడా దరఖాస్తులు పెట్టించాడు.

పరీక్ష తేదీ వచ్చింది. వైశాఖ బహుళ పంచమి, పగలు పదకొండు గంటలకు, రేగళ్ల చెరువులో.

మొండయ్య ఐలవ్వను వెంటబెట్టుకుని మండలంలో చేపల ఆఫీసుకు పోయాడు. అక్కడ దత్తాద్రి అని క్షేత్రాధికారి ఉంటాడు. క్షేత్రంలో తప్ప ఎక్కడైనా దొరుకుతాడు. ఆ రోజు ఆఫీసులో దొరికాడు.

"చెరువుల నీళ్లు లేవు సారూ. మిరుగం దాటి నాలుగు వానలు పడ్డంక పెట్టుండ్రి పరీక్ష," అన్నాడు మొండయ్య.

దత్తాద్రి ఫైలు తీసి చూశాడు. "పదకొండు అడుగులున్నాయి గదా."

"కాగితంల ఉన్నయి సారూ. చెరువుల లేవు."

"చూడు మొండయ్యా. చెరువులో చేపలు మా శాఖవి. నీళ్లు ఇంజనీరు శాఖవి. వాళ్ల నీళ్లు లేవని మనమెట్లా అంటాం? రేపు మన చేపలు లేవని వాళ్లంటే?"

మొండయ్యకు ఆ మాటలో న్యాయం కనిపించింది. తల ఊపాడు.

"చేపలు గూడ లేవు గద సారూ," అంది ఐలవ్వ.

దత్తాద్రి అప్పుడు ఆమె వైపు చూశాడు. "ఎవరీమె?"

"మా వదినె సారూ. పోశాలు భార్య. పరీక్షకు కూసుంటది."

"పరీక్షలో తక్కువ మాట్లాడమను," అన్నాడు దత్తాద్రి.

పంచమి నాడు పొద్దున్నే చెరువు కట్ట మీద షామియానా లేచింది. తూము దగ్గర ఎర్ర అక్షరాల బోర్డు పాతారు: లోతు పదకొండు అడుగులు, ఈత రానివారు దిగరాదు. ఆ బోర్డు నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. ముందు జాగ్రత్తగా జిల్లా నుంచి ఇద్దరు గజఈతగాళ్లను పిలిపించారు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు బిగించుకుని, మెడలో తాళ్లు వేసుకుని, ఎండిన రేగడి మీద నిలబడి వాళ్లు చెమటలు కక్కుతున్నారు. ఆ రోజు చెరువులో తడి అంటూ ఉంటే అది వాళ్ల ఒంటి మీదే.

పదకొండున్నరకు జిల్లా చేపల శాఖ సహాయ సంచాలకులవారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్లద్దాలు, మాటకు ముందు చిన్న దగ్గు. కట్ట మీద నిలబడి చెరువును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. వెనక నుంచి దత్తాద్రి ఇంజనీరు ఆఫీసు కాగితం అందించాడు. ఆయన కాగితం చూశారు, మళ్లీ చెరువు చూశారు, మళ్లీ కాగితం చూశారు. రెండింటిలో సంతకం ఉన్నది కాగితానికే.

"జలాశయము నిండుకుండవలె ఉన్నది," అన్నారు.

"అవును సార్," అన్నాడు దత్తాద్రి.

"అక్కడ ఆ మేకలు?"

చెరువు నడుమ ఎవరివో నలభై మేకలు పల్లేరు తీగలు మేస్తూ పోతున్నాయి.

"ఈదుతున్నాయి సార్."

సహాయ సంచాలకులవారు తృప్తిపడ్డారు. కానీ ఈత జరిగే చోటు కట్టకు వంద గజాల దూరం. పరీక్షాధికారి దగ్గరుండి చూడాలని నియమం. పదకొండు అడుగుల నీళ్లలో అధికారి నడిచిపోతే రికార్డుకు మర్యాద ఉండదు. అందుకని మొండయ్య పుట్టి తెప్పించారు. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పుట్టి అది. సహాయ సంచాలకులవారు అందులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నలుగురు బెస్తలు పుట్టిని భుజాలకెత్తుకుని రేగడి మీద నడిచారు. దత్తాద్రి వెనక నడుస్తూ, అప్పుడప్పుడు తెడ్డు గాలిలో ఆడించాడు.

"కొంచెం ఊగుచున్నది," అన్నారు సహాయ సంచాలకులవారు.

"అలలు సార్," అన్నాడు దత్తాద్రి.

ముందు భుజం పట్టిన లింగయ్యకు డెబ్బై ఏళ్లు. "అలలు గాదు కొడుకా, నా మోకాలు," అని గొణిగాడు. ఎవరూ రాసుకోలేదు.

వల అల్లే పరీక్ష పుట్టి పక్కనే జరిగింది. ఐలవ్వ వేళ్లు చూడకుండానే ముడులు వేశాయి. నూలు అయిపోయింది గానీ ఆమె వేళ్లు ఆగలేదు. విజయేందర్ బజారులో కొన్న వల తెచ్చుకున్నాడు. అల్లడం రాదు కనుక, దాన్ని కత్తెరతో విప్పి చూపించాడు. అల్లిక తెలియనివాడు విప్పలేడు గదా అని సహాయ సంచాలకులవారు అతనికి కూడా పూర్తి మార్కులు వేశారు.

తరువాత ఈత. దత్తాద్రి నియమాలు చదివాడు. "అభ్యర్థి యాభై మీటర్ల దూరము నీటిలో ఈదవలెను. శిరస్సు నీటిపై ఉండవలెను. పాదములు అడుగును తాకరాదు. తాకినచో అనర్హులు."

పుట్టి కింద ఇంకో బెస్త భుజం పెట్టాక మొదట లింగయ్యను పిలిచారు. ఆయన ఈ చెరువులో ఈదుతూ ఇద్దరు పిల్లలను, ఒక ఎద్దును బతికించినవాడు. ముందుకు వచ్చి, నలుదిక్కులా చూసి, ఆ కొసన పాతిన జెండా దాకా నడిచిపోయి, జెండాను ముట్టుకుని తిరిగివచ్చాడు.

"గింతే గద సారూ?"

దత్తాద్రి పక్కనున్న గుమస్తాతో రాయించాడు: అభ్యర్థి యాభై మీటర్లు చెరువు అడుగున నడిచెను. అనర్హుడు.

ఆ తరువాత విజయేందర్ వచ్చాడు. మోచేతులకు, మోకాళ్లకు మెత్తటి పట్టీలు కట్టుకుని వచ్చాడు. నీళ్లు లేవని చెప్పి అతని బావ ముందే ధైర్యం నూరిపోసి పంపాడు. నేల మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి పైకెత్తి, చేతులు ఒకదాని వెనక ఒకటి చాపుతూ పాకాడు. మూడు బారలకొకసారి మెడ పక్కకు తిప్పి నోరు తెరిచి గాలి పీల్చాడు. గమ్యం చేరి లేచి, తల విదిలించి, చెవిలోంచి నీళ్లు పోవడానికి ఒంటికాలి మీద గెంతాడు.

"శ్వాస నియంత్రణ గమనించితిరా," అన్నారు సహాయ సంచాలకులవారు. "జలముతో మమేకమైనాడు."

అతని పద్దెనిమిది మంది స్నేహితులు కూడా అట్లాగే మమేకమయ్యారు. తడి బట్టలు మార్చుకోవాలని ఇద్దరు తువ్వాళ్లు అడిగారు.

మొండయ్య వంతు వచ్చింది. కళ్లు మూసుకుని పడుకుని పాకాడు. తన వాడకట్టు మనుషుల వైపు చూడకుండా పోయి, చూడకుండా వచ్చి, వెనక వరసలో నిలబడ్డాడు. పాసైనందుకు ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు.

"ఐలవ్వ, భర్త కీర్తిశేషులు పోశాలు," అని పిలిచారు.

ఆమె చీర కుచ్చిళ్లు గోచీ పోసి కట్టుకుని వచ్చింది. గీత దగ్గర నిలబడి కట్ట వైపు ఒకసారి చూసింది. రాయి అక్కడే ఉంది. మనిషి ఉంటే ఈ తతంగం చూసి ఏమనేవాడో ఆమెకు తెలుసు. కానీ అనేవాడు పోయాడు, వల ఇంట్లో ఉంది, వల నీళ్లు చూడాలి. ఐలవ్వ రేగడి మీద బోర్లా పడుకుంది.

నేల కాలుతోంది. మోచేతులు దోక్కుపోతున్నాయి. ఆమె పాకుతూ పోయింది. తూము పక్క పాత గుంట దగ్గరికి వచ్చేసరికి నేల రంగు కొంచెం నల్లగా ఉంది, ఒంటికి కాస్త చల్లగా తగిలింది. మొఖానికి జానెడు దూరంలో ఒక బొక్క కనిపించింది. బొటనవేలు దూరేంత. దాని అంచు నున్నగా, తడిగా ఉంది. ఐలవ్వ ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్లుగా ఆమె చూస్తున్న బొక్క అది. చెరువు ఎండితే కొర్రమట్ట చేప బురదలోకి దిగి, ఊపిరికి ఇంత సందు ఉంచుకుని, వాన కోసం చూస్తూ పడుకుంటుంది. ఆ వాన కోసమే తనూ చూస్తోంది. పరీక్ష సంగతి మరిచిపోయింది. చేతులు వాటంతట అవే తవ్వడం మొదలుపెట్టాయి.

పుట్టిలోంచి సహాయ సంచాలకులవారు గడియారం చూశారు. "అభ్యర్థి కదలుట లేదు. నాలుగు నిమిషములైనది."

"శిరస్సు కిందికి ఉంది సార్," అన్నాడు దత్తాద్రి, గొంతు తగ్గించి. "మునిగినట్టుంది."

ఈల వేశారు. పొద్దుటి నుంచి పని లేక మాడిపోతున్న గజఈతగాళ్లకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరూ పొట్టల మీద పడి, గబగబా ఈదుకుంటూ వచ్చి, ఒకడు చంకల కింద చేతులు వేసి, ఒకడు కాళ్లు పట్టి ఐలవ్వను ఎత్తారు. పుట్టి పక్కన వెల్లకిలా పడుకోబెట్టి, తాగిన నీళ్లు కక్కించడానికి కడుపు మీద చేతులు పెట్టారు.

"చెయ్యి తియ్యి బిడ్డా," అంది ఐలవ్వ. "ఒత్తితె పొద్దుగాల తాగిన అంబలి వస్తది. నీళ్లు రావు."

ఆమె రెండో చేతిలో కొర్రమట్ట ఉంది. మూరెడు పొడుగు, ఒళ్లంతా బురద. తోక కొట్టుకుంటోంది.

వాడకట్టు మనుషులంతా ఒక్కసారి ముందుకు వచ్చారు. మూడో పరీక్ష చేపను పట్టడం. ఆ రోజు వచ్చిన నలభై ఆరు మందిలో చేపను చూపించినది ఈమె ఒక్కతే. మిగిలినవాళ్లు ఈత కాగానే పక్కనే గాలిలో వల విసిరి, గాలిలోంచి లాగి, పడ్డ చేపల పేర్లు నోటితో చెప్పి మార్కులు తీసుకున్నారు. విజయేందర్ రెండు తిమింగలాలు పట్టాడు. అవి మంచినీళ్లలో ఉండవని దత్తాద్రి చెవిలో చెబితే, రవ్వ చేపలని దిద్దించుకున్నాడు.

సహాయ సంచాలకులవారు ఆ చేపను చూసి కుర్చీలో వెనక్కి జరిగారు. "ఇది ఎక్కడిది?"

"చెరువుదే సారూ."

"దీనికి బురద ఎందుకున్నది?"

"బురదల పండుకున్నది గనుక."

"పదకొండు అడుగుల జలములో నివసించు మత్స్యమునకు ఇంత బురద అంటజాలదు. పైపెచ్చు దీనిపై నీటిబొట్టు లేదు."

"నీళ్లు లేవు గద సారూ మరి."

దత్తాద్రి నెత్తి గోక్కున్నాడు. సహాయ సంచాలకులవారు కళ్లద్దాలు తీసి తుడిచారు. ఈ చేపను ఒప్పుకుంటే బురదను ఒప్పుకోవాలి. బురదను ఒప్పుకుంటే ఇంజనీరు శాఖ నీళ్లు పోతాయి. నీళ్లు పోతే అప్పటిదాకా ఈదిన ఈతలన్నీ పోతాయి, చివరకు తాము కూర్చున్న పుట్టి కూడా నలుగురి భుజాల మీద ఉన్నట్టు తేలుతుంది.

"ఈ మత్స్యము రికార్డుకు విరుద్ధముగా ఉన్నది," అన్నారు ఆయన చివరికి. "కావున దీనిని పరిగణించజాలము. తిరిగి నీటిలో విడువుము."

"ఏ నీళ్లల్ల సారూ?"

ఆయన చెయ్యి చాపి చెరువంతా చూపించారు.

ఐలవ్వ ఆ చేతి వైపు చూసింది. తరువాత గుమస్తా బల్ల మీదున్న మంచినీళ్ల సీసాలు రెండు తీసుకుంది. గుంట దగ్గరికి పోయి కొర్రమట్టను దాని బొక్కలోనే దింపి, రెండు సీసాల నీళ్లూ పోసి, తడిసిన మన్ను పైకి లాగి, ఊపిరికి సందు ఉంచి మూసింది. ఆ సంవత్సరం వానలకు ముందు రేగళ్ల చెరువులో పడ్డ నీళ్లు ఆ రెండు సీసాలే.

మరునాడు పంచాయతీ గోడకు ఫలితాలు అంటించారు. ఇరవై ఒక్క మంది ఉత్తీర్ణులు. విజయేందర్, అతని పద్దెనిమిది మంది, మొండయ్య, ఇంకో బెస్త. ఐలవ్వ పేరు ఎదుట ఇట్లా ఉంది: నాలుగు నిమిషములు అడుగున ఉండిపోయినందున మునిగినట్లు భావించడమైనది. మునిగినవారు సభ్యత్వమునకు అనర్హులు.

మొండయ్య చదివి వినిపించాడు. ఐలవ్వ రెండోసారి చదవమంది. విని, ఇంటికి పోయి, దండెం మీదున్న వల తీసి, చిరుగులు లేకపోయినా కుట్టుకుంటూ కూర్చుంది.

ఆషాఢంలో పట్టిన వాన శ్రావణం దాకా విడవలేదు. భాద్రపదంలో చెరువు నిండి మత్తడి దుంకింది. మంత్రిగారి మనుషులు వచ్చి చేపపిల్లలు వదిలి ఫోటోలు దిగారు. పుష్యం వచ్చేసరికి రవ్వలు, బొచ్చెలు చేతికి నిండుగా పెరిగాయి. పొద్దున్నే ఎగిరి పడుతుంటే ఆ చప్పుడు ఐలవ్వ ఇంటి దాకా వినిపించేది. ఆమె కట్ట మీద రాయి పక్కన కూర్చుని చూసేది. దిగడానికి లేదు. మునిగిన మనిషి.

విజయేందర్, అతని బలగం మోపెడ్లు వేసుకుని కట్ట మీదికి వచ్చారు. ఐసుపెట్టెలు మెరుస్తున్నాయి. చెరువు వైపు చూశారు. ఇరవై అడుగుల దూరంలోనే మోపెడ్లు ఆపేశారు.

"ఇందుల నీళ్లున్నయి గదరా," అన్నాడు ఒకడు.

"పరీక్షప్పుడు గిట్ల లేకుండె," అన్నాడు విజయేందర్.

మూడు రోజులు వచ్చి చూశారు. నీళ్లు అట్లాగే ఉన్నాయి. నాలుగో రోజు మొండయ్య చేత అర్జీ రాయించారు. అందులో ఏమీ అబద్ధం లేదు: మేము నైపుణ్య పరీక్ష పాసైనప్పుడు చెరువులో ఉన్న పరిస్థితి వేరు, ఇప్పుడున్న పరిస్థితి వేరు. చెరువులో నీరు మా వృత్తికి అడ్డుగా ఉన్నది. కావున పరీక్షనాటి స్థితికి తేగలరు.

సహాయ సంచాలకులవారు అర్జీని ఇంజనీరు శాఖకు పంపారు. ఇంజనీరు దాన్ని చదివి మొదట నవ్వాడు. తరువాత తన రికార్డు తీశాడు. చెరువులో నిరుటి నుంచి పదకొండు అడుగుల నీళ్లు ఉన్నాయి. ఈ ఏడాది వానకు మరో పదకొండు అడుగులు వచ్చాయి. మొత్తం ఇరవై రెండు. కట్ట ఎత్తు పద్నాలుగు. ఇంజనీరుకు నవ్వు ఆగిపోయింది. కట్ట మీద ఎనిమిది అడుగుల ఎత్తున నీళ్లు నిలబడి ఉన్నాయి, ఏ క్షణాన ఊరి మీద పడతాయో తెలియదు.

అదే సాయంత్రం తూము తెరిచారు. ఊరిని కాపాడినందుకు ఇంజనీరుకు శాలువా కప్పారు. అడగని నీళ్లు కాలువ వెంట పొలాల్లోకి పోయాయి. నాట్లకు మళ్లు సిద్ధం చేయనివాళ్లు గట్ల మీద నిలబడి, ఈ నీళ్లు వచ్చే నెల కావాలి గదా అనుకున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు కనుక వాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నీళ్లతో పాటు చేపలు కూడా పోయాయి. చేపకు రికార్డు తెలియదు. నీళ్లు ఎటు పోతే అటే పోతుంది.

తెల్లవారేసరికి ఐలవ్వ తూము కాలువలో మోకాలి లోతున నిలబడి ఉంది. కాలువ ఇరుకైన చోట రెండు గుంజలు పాతి వల అడ్డం కట్టింది. పక్కన లింగయ్య వెదురుబుట్ట పట్టుకుని నిలబడ్డాడు. వాడకట్టులో అనర్హులైన వాళ్లంతా ఒక్కొక్కరే దిగారు. మునిగినవాళ్లు, అడుగున నడిచినవాళ్లు, నీళ్లేవని అడిగినవాళ్లు.

కట్ట మీదికి మొండయ్య వచ్చాడు. దిగలేదు, పోలేదు. చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాడు.

"వదినె, నన్ను గూడ రమ్మంటవా?"

"నువ్వు పాసైనవు గద మొండయ్యా. పాసైనోళ్లకు చెరువు, మునిగినోళ్లకు కాలువ."

"నేను గూడ మునిగిన్నే," అన్నాడు మొండయ్య. "నువ్వు అందరు చూడంగ మునిగినవు. నేను కండ్లు మూసుకోని మునిగిన."

ఐలవ్వ వల రెండో కొస అతని వైపు విసిరింది.

మధ్యాహ్నానికి విజయేందర్ దత్తాద్రిని తీసుకొచ్చాడు. "మా సంఘం చేపలు సార్. దొంగతనం జరుగుతుంది."

దత్తాద్రి పుస్తకం తెరిచి చదివాడు. సంఘం హక్కు చెరువు హద్దుల్లోనే. కట్ట దాటిన చేప చేపల శాఖది కాదు, కాలువది. కాలువ ఇంజనీరుది. ఇంజనీరుకు ఫోను చేశాడు. ఇంజనీరు తన పుస్తకం తెరిచి, కాలువలో నీళ్లు ఉన్నట్టు రాసి ఉంది గానీ చేపలు ఉన్నట్టు ఎక్కడా లేదని, లేని చేపలను ఎవరు పట్టుకుంటే తనకేమిటని అడిగాడు. దత్తాద్రి పుస్తకం మూసేశాడు.

"వాళ్లు ఏమీ పట్టడం లేదు," అన్నాడు విజయేందర్‌తో.

బొచ్చె ఒకటి వలలో ఎగిరి ఆ మాటకు విజయేందర్ చొక్కా తడిపింది. అతను నాలుగు అడుగులు వెనక్కి దూకాడు.

ఆ రోజు, మరునాడు, ఆ మరునాడు ఊరంతా చేపల కూర వండుకుంది. మిగిలినవి ఐలవ్వ, వాడకట్టు ఆడవాళ్లు కోసి, ఉప్పు రాసి, బండల మీద ఆరబెట్టారు. నీళ్లు పారినంతకాలం పారాయి. చెరువులో నీళ్లు తగ్గి, మడుగు మాత్రం మిగిలి, సభ్యులకు పనికొచ్చే స్థితికి వచ్చింది. అప్పటికి అందులో చేపలు లేవు. సభ్యులు మోపెడ్లు వేసుకుని వచ్చి పొడినేల మీద వల విసిరి, పట్టిన చేపల పేర్లు నోటితో చెప్పుకుని పోతున్నారు. సంఘం ఆ ఏడాది జిల్లాలోనే ఎక్కువ చేపలు పట్టిందని ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

అప్పుడొక పొద్దున దత్తాద్రి జీపు ఐలవ్వ గుడిసె ముందు ఆగింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"ఐలవ్వా, మా సహాయ సంచాలకులవారి ఇంటికి రాజధాని నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. పది కిలోల రవ్వ కావాలి."

"సంఘంల అడగకపోయినవా సారూ? మస్తు పట్టిన్రు గద."

"అడిగాను. పుస్తకంలో ఉన్నాయి, పెట్టెలో లేవన్నారు."

ఐలవ్వ లోపలికి పోయింది. లోపల ఉప్పు చేపలున్నాయి, బిందెలో తెల్లవారుజామున కాలువ గుంటలో పట్టిన రవ్వలు నాలుగు ఉన్నాయి. ఆమె వాటి పక్కనున్న ఖాళీ బుట్ట తీసింది. మోదుగ ఆకులు పరిచి, పైన ఇంకో పొర కప్పి, తాడుతో కట్టి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పది కిలోలున్నయి సారూ."

దత్తాద్రి బుట్ట ఎత్తి చూశాడు. తాడు వదులు చేసి, ఆకులు పక్కకు జరిపి చూశాడు.

"ఏమీ లేవు గదా."

"ఉన్నట్టు భావించుండ్రి సారూ," అంది ఐలవ్వ.

దత్తాద్రి ఆమె మొఖం వైపు చూశాడు. ఆ మొఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. చెరువు కట్ట వైపు చూశాడు. ఎండిన రేగడిలో పాతిన బోర్డు ఇంకా అక్కడే ఉంది, లోతు పదకొండు అడుగులు. దాని మీద ఆయన సంతకం కూడా ఉంది. ఇరవై ఏళ్ల నౌకరీలో భావించడం ఆయనకు కొత్త కాదు. తాడు మళ్లీ గట్టిగా బిగించాడు. బరువుంది, ఒక చెయ్యి వెయ్యమని డ్రైవరును పిలిచాడు. ఇద్దరూ ఆ బుట్టను మోసుకుపోయి జీపులో జాగ్రత్తగా పెట్టారు. పది కిలోల రవ్వలు అందినట్టు చీటీ రాసి సంతకం చేసి ఐలవ్వ చేతిలో పెట్టి పోయాడు.

వారం గడిచింది. తపాలాలో ఐలవ్వ పేరు మీద పొడుగు కవరు వచ్చింది. మొండయ్య వాకిట్లో కూర్చుని చదివాడు.

"తమరు సరఫరా చేసిన రవ్వ చేపలను పై అధికారులు భుజించినారు. రుచి సంతృప్తికరము. అయితే ముళ్లు మితిమీరి ఉన్నవని వారు అభిప్రాయపడినారు. ఇందుకు కారణము ఈ లేఖ అందిన మూడు దినములలో వ్రాతపూర్వకముగా తెలుపగలరు."

మొండయ్య కాగితం దించాడు. "ఏం రాయమంటవు వదినె?"

ఐలవ్వ చేప కోస్తున్న కత్తి పక్కన పెట్టింది.

"భావించి తినేటప్పుడు గూడ నోరు తెరిసిన్రేమో, ఇంకోసారి తెరవొద్దని రాయి," అంది.

చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుంది. మంచి మందం కాగితం. వాకిట్లో ఆరబెట్టిన ఉప్పు చేపల కింద పరిచింది. సాయంత్రానికి దానికి చేప వాసన పట్టింది. ఆ చేపల ఆఫీసు కాగితానికి అది మొదటిసారి.